శరణార్థి మాటే సాక్ష్యం

ప్రాణభయంతో సరిహద్దు దాటిన మనిషి తనను తరిమినవారి నుంచి ధ్రువపత్రం తెచ్చుకోలేడు. అయినా శరణు కోరిన చోట అతడిని ముందుగా అడిగేది రుజువే. ఎవరు వేధించారు, ఎందుకు వేధించారు, తిరిగి వెళితే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు ఇచ్చే సమాధానాలపైనే అతడి భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయ అభిప్రాయం. ఈ అయిదింటిలో ఏదో ఒక కారణంగా పీడనకు గురవుతామన్న సహేతుకమైన భయంతో స్వదేశం విడిచి, ఆ దేశ రక్షణ పొందలేనివారే శరణార్థులని 1951 నాటి ఐక్యరాజ్య సమితి ఒప్పందం నిర్వచించింది. కరవు, నిరుద్యోగం ఎంత దుర్భరమైనా వాటంతట అవే ఈ పరిధిలోకి రావు.

ఉదాహరణకు, సైన్యం తనచేత నిర్బంధంగా మూటలు మోయించిందని మయన్మార్‌కు చెందిన చిన్ తెగవాడొకడు చెబితే అంతటితో సరిపోదు. తన తెగ లేదా మతం కారణంగానే తనను ఆ పనికి ఎంచారని, తిరిగి వెళితే అదే గతి పడుతుందని తేలాలి. పీడించేది ప్రభుత్వమే కానక్కరలేదు. ప్రభుత్వం అదుపు చేయని సాయుధ ముఠా అయినా కావచ్చు. గతంలో హింసకు గురై ఉండాలన్న నియమమూ లేదు.

రుజువు భారం ప్రధానంగా అర్జీదారుదే. అయితే వాస్తవాలు సేకరించే బాధ్యత విచారణాధికారికి కూడా ఉందని, కథనం పొంతన కలిగి నమ్మదగినదిగా ఉంటే మిగిలిన సందేహాన్ని అర్జీదారుకు అనుకూలంగా పరిగణించాలని శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం 1979లో ప్రచురించిన మార్గదర్శిని సూచిస్తోంది. భయంతో తేదీలు తారుమారు కావచ్చు, దుబాసీ పొరబడవచ్చు. అందుకే ఈ సూచనకు అంత విలువ.

భారతదేశం ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ చేయలేదు. టిబెటన్లు, శ్రీలంక తమిళుల వ్యవహారాన్ని ప్రభుత్వమే చూసుకుంటున్నది. మయన్మార్, అఫ్ఘానిస్తాన్ వంటి దేశాలవారి అర్జీలను ఢిల్లీలోని హైకమిషనర్ కార్యాలయం పరిశీలిస్తున్నది. పీడన భయం సమంజసమని ప్రాథమికంగా తేలినవారికి దీర్ఘకాలిక వీసా ఇచ్చే పద్ధతిని కేంద్ర హోంశాఖ 2011 డిసెంబరులో రూపొందించింది.

2019 నాటి పౌరసత్వ సవరణ చట్టం వేరొక మార్గం తెరిచింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవ మతస్థులకు అది వర్తిస్తుంది. రోహింగ్యా ముస్లింలకు ఆ మార్గం లేదు.

జీవించే హక్కు విదేశీయులకూ ఉందని చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే దేశం నుంచి పంపివేయకుండా ఉండే హక్కు పౌరుల నివాస హక్కుతో ముడిపడినదని 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులో పేర్కొన్నది. నిర్దేశిత విధానం పాటించకుండా పంపరాదని మాత్రం ఆదేశించింది.

హైదరాబాదు శివారు బాలాపూర్ బస్తీల్లో తలదాచుకున్న రోహింగ్యాలకు ఈ తేడా జీవన్మరణ సమస్య. హైకమిషనర్ కార్యాలయం వారి భయాన్ని నమ్మి కార్డు ఇచ్చినా, ఆ కార్డును మన్నించి తీరాలని చెప్పే చట్టం దేశంలో లేదు.