చక్కెర, ఖమీరు, చేపల తొట్టి

గాజుతొట్టిలో రంగుచేపలను పెంచుట నేడు పట్టణములలో సామాన్యమైన వేడుక అయినది. దుకాణములలోను, వైద్యుల నిరీక్షణ మందిరములలోను, కళాశాలల జంతుశాస్త్ర ప్రయోగశాలలలోను ఈ తొట్లు మనకు కనబడుచున్నవి. అయితే వాటిలో పచ్చగా కనబడునవి చాలవరకు ప్లాస్టిక్ మొక్కలు. సజీవమైన నీటిమొక్కలు నాటినచో కొద్ది వారములలోనే అవి పాలిపోయి, ఆకులు రాల్చి, పాచిపట్టిపోవునని తొట్టి పెట్టినవారు చెప్పుదురు. వెలుతురు చాలలేదని దీపము పెంచుదురు. పాచి మరింత పెరుగును. బలము చాలలేదని ఎరువు వేయుదురు, నీరు పచ్చబడును. ఈ రెండింటితోపాటు మొక్కకు కావలసిన మూడవ వస్తువు ఒకటి కలదనియు, అది కంటికి కనబడనిదనియు గుర్తించువారు తక్కువ. అదియే బొగ్గుపులుసు వాయువు. దానిని వంటింటి చక్కెరతోను, రొట్టెలవారి ఖమీరుతోను స్వల్పవ్యయముతో తొట్టికి అందించు విధానమును, అందలి మేలును, ప్రమాదమును ఈ వ్యాసమున వివరింపదలచినాము.

మేము తెలుగు బోధించువారము. కావున ముందుగా ఒక్క మాట పేరును గూర్చి. కార్బన్ డై ఆక్సైడును మన పెద్దలు బొగ్గుపులుసు వాయువు అనిరి. నేటి విద్యార్థులు ఈ పేరు విని నవ్వవచ్చును. కాని ఇందులో రెండు సత్యములు ఇమిడియున్నవి. ఈ వాయువు బొగ్గునకు సంబంధించినది. నీటిలో కరగినప్పుడు ఆ నీటికి పులుపును, అనగా ఆమ్లగుణమును, కలిగించునది. సోడానీరు నాలుకకు చురుక్కుమనుటకు కారణమిదియే. ఈ రెండవ సత్యము మన తొట్టి విషయమున ఎంత ముఖ్యమో ముందు తేలగలదు.

నీటిలోని మొక్క ఆకలి

ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రము చదివినవారికి హైడ్రిల్లా ప్రయోగము జ్ఞాపకముండును. బీకరులోని నీటిలో హైడ్రిల్లా కొమ్మలనుంచి, వానిపై గరాటును బోర్లించి, గరాటు కాడపై నీటితో నిండిన పరీక్షనాళికను తలక్రిందులుగా నిలిపి ఎండలో పెట్టుదురు. బుడగలు పైకివచ్చి నాళికలో ప్రాణవాయువు చేరును. ఆ నీటిలో చిటికెడు సోడియం బైకార్బొనేటు వేసినచో బుడగల వేగము హెచ్చును. వెలుతురు మారలేదు, మొక్క మారలేదు. మారినది దానికందిన అంగారము మాత్రమే. తొట్టిలోని మొక్కలు ఏల కృశించునో తెలియుటకు ఈ ఒక్క ప్రయోగము చాలును.

నీటిలోని ఆకులనుండి బుడగలు వెలువడుటను ఆధారముగా చేసికొని, మొక్కలు వెలుతురులో మాత్రమే గాలిని శుద్ధిచేయునని 1779లో నిరూపించినవాడు యాన్ ఇంగెన్‌హౌజ్ అను డచ్చి వైద్యుడు. ఆ పనికి బొగ్గుపులుసు వాయువు ఆవశ్యకమని 1782లో జెనీవా నగరవాసియగు సెనెబియె తెలిపెను. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయనవేత్త బంగారుచేపలను, వాలిస్నేరియా మొక్కలను, నత్తలను ఒకే తొట్టిలో పెంచి, చేప విడిచినదానిని మొక్కయు, మొక్క విడిచినదానిని చేపయు స్వీకరించి పరస్పరము పోషించుకొనునని వివరించెను. నేటి చేపల తొట్లకు మూలసూత్రమిదియే.

అట్లయినచో చేపలు విడుచు వాయువు మొక్కలకు చాలదా? మొక్కలు కొద్దిగను, వెలుతురు మందముగను ఉన్న తొట్టిలో చాలును. దట్టముగా నాటి, బలమైన దీపము పెట్టినచోట చాలదు. గాలితో సమతులనమున ఉన్న నీటిలో ఈ వాయువు లీటరునకు సుమారు అర మిల్లీగ్రాము మాత్రమే నిలుచును. పైగా అది గాలిలోకంటె నీటిలో ఇంచుమించు 10,000 రెట్లు మందముగా వ్యాపించును. పొలములోని మొక్కకు గాలి వీచినంత మాత్రమున అందు ఆహారము, నీటిలోని ఆకునకు అంగుళము దూరముననున్నను అందదు. వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటివి నీటిలోని బైకార్బొనేటునుండియు అంగారమును గ్రహింపగలవు గనుక మన గట్టి నీళ్లలో నిలదొక్కుకొనును. ఆ శక్తి లేని కబొంబా వంటివి, నీటి నాచులు త్వరగా డస్సిపోవును.

ఏ పోషకము మిక్కిలి కొరతగా ఉన్నదో దానిని బట్టియే మొక్క పెరుగుదల నిర్ణయమగునని 19వ శతాబ్దమున లీబిగ్ ప్రచారము చేసిన న్యూనతా నియమము. పప్పు, ఉప్పు, నేయి ఎంత ఉన్నను బియ్యము లేని ఇంట అన్నము ఉడుకదు. తొట్టిలో ఆ బియ్యము స్థానము తరచుగా బొగ్గుపులుసు వాయువుది. తక్కినవి పెంచినకొలది లాభపడునది పాచియే.

పులియుటలోని రహస్యము

ధనికులు ఇనుప సిలిండరులలో అదిమిన వాయువును కొని, కవాటముల ద్వారా తొట్టికి వదలుదురు. జపాను దేశీయుడగు తకాషి అమానో (1954–2015) కూర్చిన జలోద్యానములు లోకమంతట పేరుపొందుటతో ఈ పద్ధతి వ్యాపించినది. విద్యార్థికి అంత వ్యయము సాధ్యము కాదు. అతనికి ఉపకరించునది ఖమీరు.

హైదరాబాదులో నాన్ రొట్టె తిన్నవారందరు ఖమీరు పని ఎరిగినవారే. పిండిని పొంగించునది అందు పుట్టిన బొగ్గుపులుసు వాయువే. ఈస్టు అను ఏకకణ శిలీంధ్రము చక్కెరను భుజించి, గాలి అందనిచోట దానిని మధుసారముగను, బొగ్గుపులుసు వాయువుగను విడగొట్టును. రొట్టెలో మధుసారము పొయ్యివేడికి ఎగిరిపోవును. వాయువు రంధ్రములను మిగుల్చును. అరబీ భాషలో పులియుడుపిండికి ఖమీర్ అనియు, మద్యమునకు ఖమ్ర్ అనియు పేర్లు. రెండింటికిని ధాతువు ఒక్కటే. రసాయనశాస్త్రము చెప్పు బాంధవ్యమును భాష ముందే గుర్తించినట్లున్నది. మన ఇడ్లీపిండి కూడ పులిసి పొంగును గాని అందు ప్రధానముగా పనిచేయునవి బాక్టీరియాలు, ఈస్టు కాదు.

పులియుట జీవక్రియయే అని 19వ శతాబ్దమధ్యమున పాశ్చర్ స్థాపించెను. జీవకణము లేకున్నను దాని రసముతో చక్కెర పులియునని 1897లో బుఖ్నర్ చూపి, 1907లో నోబెల్ బహుమానమందెను. లెక్క ప్రకారము 100 గ్రాముల చక్కెరనుండి సుమారు 51 గ్రాముల బొగ్గుపులుసు వాయువు రావలెను. అది గది ఉష్ణోగ్రత వద్ద 28 లీటర్లకు పైబడిన ఘనపరిమాణము. ఆచరణలో కొంత తగ్గును. అయినను రెండుగుప్పెళ్ల చక్కెరలో ఇంత గాలి దాగియుండుట వింతయే.

తయారుచేయు విధము

రెండు లీటర్ల శీతలపానీయపు ప్లాస్టిక్ సీసా నొకదానిని శుభ్రము చేయవలెను. గాజుసీసా పనికిరాదు, గొట్టము పూడుకొనినచో లోని ఒత్తిడికి పగిలి ప్రమాదము కలిగించును. సీసాలో 200 గ్రాముల చక్కెర, లీటరుంబావు గోరువెచ్చని నీరు పోసి కరిగించి, పావు చెంచా పొడి ఈస్టు కలుపవలెను. మరుగునీటిలో వేసినచో ఈస్టు చచ్చును. సీసా పైభాగమున నురుగునకు చోటు విడువవలెను. మూతకు రంధ్రము చేసి, చేపల తొట్లకు వాడు సన్నని గాలిగొట్టమును బిగువుగా దూర్చి, చుట్టును సిలికాన్ బంకతో మూయవలెను. పని చెడునది సామాన్యముగా ఇచ్చటనే; సూదిమొన యంత సందున్నను వాయువు తొట్టికి చేరదు. మూతపై సబ్బునీరు రాసి బుడగలు వచ్చునేమో చూచిన తెలియును.

ఈ గొట్టమును నేరుగా తొట్టిలోనికి విడువరాదు. నడుమ సగము నీరుగల చిన్నసీసా నొకటి నిలుపవలెను. పెద్దసీసానుండి వచ్చు గొట్టము అందలి నీటిలో మునిగియుండవలెను. తొట్టికి పోవు గొట్టము నీటికి పైననే ఉండవలెను. పొంగివచ్చు నురుగును, పులిసిన ద్రవమును ఈ చిన్నసీసా ఆపును. బుడగలను లెక్కించుటకును ఉపకరించును. పులిసిన ద్రవము తొట్టిలో పడినచో బాక్టీరియా విజృంభించి నీరు పాలవలె మారి, ప్రాణవాయువు తరుగును. రాత్రి చలికి సీసాలోని వాయువు సంకోచించి తొట్టినీటిని వెనుకకు లాగు ప్రమాదమును కలదు. గొట్టమునందు ఒకే దిక్కునకు పోనిచ్చు కవాటమును అమర్చినచో ఈ భయము తీరును.

తొట్టిలో బుడగలు తిన్నగా పైకిపోయి పగిలినచో వాయువు వ్యర్థము. నీటి అడుగున చిన్న గాజుగ్లాసును బోర్లించి, గొట్టపుకొనను దాని క్రింద నుంచినచో, గ్లాసులో చేరిన వాయువు మెల్లమెల్లగా నీటిలో కరగును. నీటిలోని ఇతర వాయువులు కూడ అందు చేరును గనుక అప్పుడప్పుడు గ్లాసును ఒరగించి ఖాళీ చేయవలెను. పగటివేళ నీటి ఉపరితలమును అల్లకల్లోలము చేయు గాలిరాళ్లను నిలిపివేయవలెను. లేనిచో కరగినదంతయు ఎగిరిపోవును.

కొన్ని గంటలలో బుడగలు మొదలై, రెండు మూడు వారములు సాగును. మొదట ఉధృతముగను, పిదప క్షీణముగను వచ్చుట దీని లోపము. రెండు సీసాలను పెట్టి వారము ఎడముగా మార్చుచున్నచో ప్రవాహము సమమగును. చక్కెరపాకమును అగర్‌తో గడ్డకట్టించి, పైన ఈస్టునీరు పోసినచో చక్కెర కొంచెముకొంచెముగా అంది ఎక్కువ కాలము నిలుచును. మన వేసవిలో పులియుట మిక్కిలి వేగిరపడును. సీసాను నీళ్లపళ్లెములో నిలుపుట మంచిది. వంద లీటర్లకు మించిన తొట్లకు ఈ పద్ధతి చాలదు. పనితీరిన ద్రవము త్రాగదగినది కాదు, కాలువలో పారబోయవలెను.

కొలత

వాయువు ఎంత కరగినదో కంటికి తెలియదు. ఇచ్చట మన పులుసు అను మాట ఉపకరించును. వాయువు పెరిగినకొలది నీటి పి.హెచ్. తగ్గును. కార్బొనేటు కాఠిన్యము 4 జర్మను డిగ్రీలున్న నీటిలో పి.హెచ్. 7.0 అయినచో లీటరునకు సుమారు 12 మిల్లీగ్రాములు, 6.8 అయినచో 19, 6.6 అయినచో 30 మిల్లీగ్రాముల వాయువు ఉన్నట్లు. మొక్కలకు 20 మొదలు 30 వరకు చాలును. అంతకుమించినచో చేపలకు అపాయము.

కళాశాలలో దీనిని సులభముగా చూడవచ్చును. 1.2 గ్రాముల సోడియం బైకార్బొనేటును లీటరు స్వేదనజలమున కరగించి, అందుండి 100 మిల్లీలీటర్లు తీసి, మరల స్వేదనజలముతో లీటరునకు పెంచినచో 4 డిగ్రీల ద్రావణము సిద్ధమగును. దానికి బ్రోమోథైమాల్ బ్లూ చుక్కలు కలిపి, చిన్న గాజుబుడ్డిలో పోసి, ద్రావణమునకును తొట్టినీటికిని నడుమ గాలిపొర ఉండునట్లు తొట్టిలో బోర్లించి వ్రేలాడదీయవలెను. నీలిరంగు కొరతకు, ఆకుపచ్చ తగినంతకు, పసుపు అతికి గుర్తు. రంగు మారుటకు ఒకటి రెండు గంటలు పట్టును గనుక తొందరపడి నిర్ణయింపరాదు.

తెల్లవారుజాము

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము. దీపము ఆర్పినంతనే మొక్క బొగ్గుపులుసు వాయువును గ్రహించుట మానును. శ్వాసించుట మాత్రము మానదు. చేపయు, మొక్కయు ఒకే ప్రాణవాయువును పంచుకొనును. ఈస్టునకు పగలు రేయి భేదము లేదు. అది సీసాలో వాయువును పుట్టించుచునే యుండును. కావున తెల్లవారుజామున తొట్టిలో బొగ్గుపులుసు మిక్కిలి అధికమై, ప్రాణవాయువు మిక్కిలి తక్కువై యుండును. నీటిలో ఆ వాయువు పెరిగినచో చేప తన రక్తములోనిదానిని మొప్పలద్వారా విడువలేదు. రక్తము ఆమ్లమై, ప్రాణవాయువును మోయు శక్తి తగ్గును. అప్పుడు చేపలు నీటి అంచునకు వచ్చి నోరు తెరచి రొప్పును. నిద్రించుచున్న యజమాని దానిని చూడడు.

కావున రాత్రివేళ గాలిరాయిని నడుపుట, లేదా గొట్టమును తొట్టినుండి వెలికితీసి బయట వ్రేలాడవిడుచుట తప్పనిసరి. గొట్టమును మడచి కట్టరాదు, సీసా పగులును. మొదటి కొన్నాళ్లు ఉదయము దీపము వెలుగకముందే లేచి చేపలను చూడవలెను. రొప్పుచున్నచో వెంటనే గాలిరాయిని నడిపి, కొంత నీరు మార్చవలెను. ఇంత శ్రద్ధ వహింపలేనివారు వాలిస్నేరియా వంటి మొక్కలను మందమైన వెలుతురులో పెంచుకొనుటయే ఉత్తమము. అదియు అందమే.

ఈ సాధనమంతయు కలిపి సిలిండరు వెలలో స్వల్పభాగమే. కాని తక్కువ వెల గలది గనుక తక్కువ బాధ్యత గలదని మన విద్యార్థులు తలపరాదు. సిలిండరు కొన్నవాడు రాత్రి కవాటము మూసి నిద్రింపవచ్చును. సీసా కట్టినవాడు తన తెలివినే కవాటముగా చేసికొనవలెను. తొట్టిలోని చేప తనంతట తాను మరొక నీటికి పోలేదు. దాని గాలి మన చేతిలోనున్నది. ఆకుపై ముత్యములవలె నిలిచిన ప్రాణవాయువు బుడగలను చూచి మనము ఆనందించునప్పుడు, దీపము ఆర్పిన పిదప ఆ నీటిలో ఏమగుచున్నదో కూడ తెలిసియుండుటయే నిజమైన శాస్త్రజ్ఞానము.