ట్యాంకు గీత



మన నీళ్ళ ట్యాంకు మూత కింద చిన్న డబ్బా వేలాడుతోంది, చూసే ఉంటారు. దాన్ని సెన్సార్ అంటారు. అది మన చెవికి వినపడని శబ్దాన్ని కిందికి పంపుతుంది. శబ్దం నీళ్ళకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి నీటి మట్టం కొలుస్తాది. గబ్బిలం కూడా ఇలాగే చేస్తాదంట! 5 నిమిషాలకొకసారి ఆ కొలతను సిమ్ కార్డు ద్వారా దూరంలో ఉన్న కంప్యూటరుకు పంపుతుంది. రోజుకు 288 కొలతలు. ఏడాదికి 1,05,120.

ప్రతి కొలత పక్కన టైము ఉండాలి. లేకపోతే అది దేనికీ పనికిరాదు. మా అమ్మకు చదువు రాదు. కాఫీ తోటలో కూలికెళ్ళిన రోజు గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తాది. ఎన్ని రోజులో చెప్పగలదు గాని, ఏయే రోజులో మేస్త్రి అడిగితే చెప్పలేకపోయింది. రెండు రోజుల కూలి పోయింది.

టైము ఉన్నా సరిగ్గా చదవాలి. పోయిన నెల పొద్దున్న స్నానాలు సగం కాకుండానే ట్యాంకు ఖాళీ అయిపోయేది. కంప్యూటరు గీత తీస్తే సాయంత్రం 4.30 నుండి రాత్రి 11 దాకా నీళ్ళు తగ్గుతూనే ఉన్నాయి. ఆ వేళ బట్టలు ఉతికేది, ప్లేట్లు కడిగేది మనమే కదా. అందరికీ తిట్లు పడ్డాయి. రెండు రోజులు బట్టలు ఉతకనివ్వలేదు.

నేను ఆ కాగితం మళ్ళీ చూశాను. రాత్రి 11.30కి గీత ఒక్కసారిగా కిందికి పడిపోయింది. అప్పుడు మనం నిద్రలో ఉంటాం! అందరం బకెట్లు పట్టుకుని పరుగెత్తేది తెల్లవారి 5కి. తేడా ఐదున్నర గంటలు. సోషల్ పాఠం గుర్తొచ్చింది. మన టైము తీసుకునే 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర నుండి పోతుంది. 15 డిగ్రీలకు ఒక గంట. అందుకే మనం గ్రీనిచ్ కంటే 5.30 గంటలు ముందు. ఇలాంటి కంప్యూటర్లు దేశాల టైములు కలగలిసిపోకుండా అన్నీ ఒకే ప్రపంచ టైములో దాస్తాయంట. చూపించేటప్పుడు మన 5.30 కలపాలి. ఆ కాగితంలో కలపలేదు.

కలిపితే నీళ్ళు తగ్గింది రాత్రి 10 నుండి తెల్లవారి 4.30 దాకా. పైగా గీత నున్నగా ఏటవాలుగా ఉంది. మనుషులు వాడితే మెట్లు మెట్లుగా దిగుతాది. సైన్సు సారుకు చూపించాను. తవ్విస్తే కూరగాయల మడి కింద పైపు పగిలి ఉంది.

ఎప్పటి నుండి కారుతుందో మాత్రం తెలీలేదు. చోటు చాలదని 30 రోజులు దాటిన కొలతలు తీసేసి, రోజుకొక సగటు మాత్రమే ఉంచుతున్నారు. సగటులో రాత్రీ పగలూ కలిసిపోతాయి. ఇప్పుడు సారు చెప్పి మార్పించారు. పాత రోజులకు కూడా గంటకొక సగటు, ఆ గంటలో ఎక్కువెంత, తక్కువెంత ఉంటాయి. రోజుకు 72 అంకెలే.

ఇంకోటి. సిగ్నల్ లేక కొలత రాకపోతే అక్కడ సున్నా వేయకూడదు, ఖాళీ వదలాలి. సున్నా అంటే ట్యాంకు ఎండిపోయిందని అర్థం.

పైపు మార్చాక రాత్రి 10 నుండి గీత అడ్డంగా నిలబడింది. ఆ కాగితం ఈ పక్కనే అంటించాను. ఆదివారం బట్టలు ఉతుక్కోమని మేడం గారు చెప్పారు.

– 9వ తరగతి విద్యార్థిని