పాత కారునకు మంచినీరు

మోటారు కారు పెట్రోలుతో నడచునని చిన్నపిల్లలకు సైతము తెలియును. ఆ పెట్రోలు మండగా పుట్టిన వేడిని మోసికొనిపోయి ఇంజనును కాపాడునది నీరు అను సంగతిని పెద్దలలోను కొందరే గమనింతురు. కోయంబత్తూరు, మధుర ప్రాంతముల మన తెలుగు కుటుంబములలో తండ్రుల నాటి అంబాసిడరునో, ప్రీమియర్ పద్మినినో అమ్మక ఉంచుకొన్నవారు నేటికిని కలరు. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. పద్మిని తయారీ అంతకు ఎన్నో ఏండ్ల ముందే ఆగినది. ఇట్టి బండి ఇంజను ఒక్కసారి వేడికి చెడినచో దానిని బాగుచేయించుట మిక్కిలి వ్యయముతో కూడిన పని. కావున దానిని కాపాడు విధమును ఇంటిల్లిపాదియు తెలిసికొనుట మేలు.

యంత్రవిద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామమున, తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని పట్టణముల నడుమ ప్రయాణికులను చేరవేయ నారంభించిరి. బడిచదువు స్వల్పమేయైనను యంత్రములను విప్పి చూచి వాని గుట్టు గ్రహించిన మేధావి ఆయన. విప్పకున్నను, మూత ఎత్తి చూచి తెలిసికొనదగిన విషయములు పాత కారులో ఎన్నో కలవు.

సిలిండరులో మండు వాయువుల వేడి సుమారు 2,000 సెంటీగ్రేడు డిగ్రీల వరకు పోవును. పుట్టిన వేడిలో బండిని నడుపుటకు ఉపయోగపడునది ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే. దాదాపు మూడవ వంతు పొగతో వెడలిపోవును. మరియొక మూడవ వంతును నీరు బయటికి తీసికొనిపోవలెను. ఇంజను లోపలి దారులలో పంపు వలన తిరుగుచున్న నీరు వేడిని గ్రహించి, పై రబ్బరు గొట్టము గుండా ముందున్న రేడియేటరును చేరును. అచ్చటి సన్నని గొట్టములలో దిగుచు, ఫ్యాను లాగు గాలికి చల్లబడి, క్రింది గొట్టము గుండా మరల ఇంజనునకు వచ్చును.

ఇంజను చల్లగా ఉన్నంతసేపు నీటిని రేడియేటరునకు పోనీయక, సుమారు 80 డిగ్రీల వద్ద తెరచుకొను చిన్న తలుపు ఒకటి కలదు. అదియే థర్మోస్టాటు. మనది వేడి ప్రదేశము కదా యని కొందరు దీనిని తీసివేయింతురు. అట్లు చేసినచో ఇంజను తగిన వేడికి వచ్చుటకు ఆలస్యమై పెట్రోలు ఎక్కువగును. సిలిండర్లు త్వరగా అరుగును.

ఇక అసలు విషయము: ఏ నీరు పోయవలెను? మన ఇండ్లలో మంచినీరు, ఉప్పునీరు అని రెండు మాటలు నిత్యము వినబడును. బోరుబావుల ఉప్పునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణములు కరగియుండును. నీరు కాగినప్పుడు సున్నపు పదార్థము విడివడి పాత్రకు అంటుకొనును. స్నానమునకు నీళ్ళు కాచు పాత్ర అడుగున కనబడు తెల్లని పెచ్చు అదియే. రేడియేటరు గొట్టములలోను, ఇంజను దారులలోను ఇదే పెచ్చు పేరుకొనును. రాగి, ఇత్తడి వేడిని చక్కగా ప్రసరింపజేయును. ఈ పెచ్చు దానిని అడ్డగించును. పైనుండి చూచువారికి రేడియేటరు నిండుగానే కనబడును. లోపల గొట్టములు పూడిపోవుచుండును.

శిరువాణి నీటివంటి లవణములు తక్కువగల నీరు బోరునీటికంటె మేలు. అన్నిటికంటె మేలైనది బ్యాటరీలో పోయు స్వేదనజలము. అయితే వట్టి నీరు ఎంత శుద్ధమైనను ఇనుమునకు తుప్పు పట్టించును. అందుచే నీరు సగము, కూలెంటు సగము కలిపి పోయుదురు. కొన్ని డబ్బాలలో నీరు ముందే కలిసియుండును గనుక చీటీ చదివి పోయవలెను. కూలెంటులో సాధారణముగా ఉండు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండు విషము. పిల్లలకును, పశువులకును అది అందరాదు.

విద్యార్థులారా, రెండు సీసాలలో ఒకదాన బోరునీరు, వేరొకదాన వాననీరు పోసి, సమానముగా సబ్బు తురుము వేసి కుదుపుడు. నురుగు తక్కువగా వచ్చిన నీరు రేడియేటరునకు తగదు.

మన ప్రాంతమువారు వేసవిలో ఊటీకిని, కొడైకెనాలునకును పోవుచుందురు. ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడికే మరుగును. సుమారు 2,240 మీటర్ల ఎత్తున నున్న ఊటీలో అది 93 డిగ్రీలకు లోపుగానే మరుగును. దీనికి విరుగుడు రేడియేటరు మూత. లోపల చదరపు అంగుళమునకు 7 పౌనుల అదనపు పీడనమును నిలుపు మూత ఉన్నచో, మైదానమున నీరు 111 డిగ్రీల వరకు మరుగదు. కనుక రబ్బరు చెడిన మూతను మార్చి, అదే పీడనము గల మూతను పెట్టవలెను. కొండ ఎక్కునప్పుడు తక్కువ గేరులో నడిపినచో పంపు, ఫ్యాను వేగముగా తిరిగి ఇంజనును చల్లబరచును.

వారమునకొకసారి, ఉదయము బండి తీయకముందే, నీటిమట్టము చూడవలెను. ఫ్యాను బెల్టును వ్రేలితో నొక్కగా అర అంగుళము మించి మిక్కిలి వదులుగా దిగినచో బిగింపవలెను. ఉబ్బిన, పగిలిన రబ్బరు గొట్టములను మార్చవలెను. రేడియేటరు రెక్కలలో చిక్కిన పురుగులను, ధూళిని మెత్తని నీటిధారతో కడుగవలెను. రెండేండ్లకొకసారి పాత నీటిని తీసి, లోపల కడిగి, క్రొత్తది నింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. దారిలో ముల్లు ఎఱ్ఱగీతను చేరి ఆవిరి లేచినచో బండిని ప్రక్కకు నిలిపి ఇంజను ఆపవలెను. మూతను వెంటనే తీయరాదు. తీసినంతనే పీడనము తొలగి, నూరు డిగ్రీలు మించిన నీరు ఒక్కుమ్మడి ఆవిరియై ముఖమునకు, చేతులకు చిమ్మును. తడిగుడ్డ చుట్టిన చేయియైనను దానికి చాలదు. కనీసము అరగంట, మూతను తాకగల చల్లదనము వచ్చువరకు, ఆగవలెను. కాగిన ఇంజనులో చల్లని నీరు ఒక్కసారి పోసినచో లోహము పగులవచ్చును. ఇంజనును నడుపుచు కొంచెము కొంచెముగా పోయవలెను.

తొందరపడి మూతపై చేయివేయు పెద్దలను ఆపవలసినది ప్రక్కనున్న పిల్లలే. "నాన్నగారూ, ఇంకను చల్లారలేదు" అను ఒక్కమాట ఒకరి చూపును కాపాడగలదు.