అన్నభేదితో యురేనియం లెక్క

శ్రీకూర్మం, కళింగపట్నం తీరాల్లో ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు అందులో కాస్త మోనజైట్ కూడా ఉంటుంది. మోనజైట్‌లో థోరియం బాగానే ఉంటుంది గానీ యురేనియం నామమాత్రమే. అంత కొద్దిపాటిని కొలవడానికి వేరే పద్ధతులున్నాయి. శుద్ధి చేసి ఇంధనంగా మార్చే యురేనియానికి మాత్రం గ్రాము గ్రాముకూ లెక్క అప్పజెప్పాలి. ఆ లెక్కకు ఆధారమైన రసాయన చర్య వెలుగు చూసింది ఈ తీరానికి దగ్గర్లోనే, వాల్తేరులో.

1962లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన జి. గోపాలరావు, ఎస్.ఆర్. సాగి తమ పరిశోధనను 'టాలంటా' పత్రికలో ప్రకటించారు. వారికి కావలసి వచ్చినవి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిక్కటి ఫాస్ఫారిక్ ఆమ్లం, ఒక బ్యూరెట్.

అంతకుముందు యురేనియం ద్రావణాన్ని జింక్ అమాల్గం నింపిన గొట్టం గుండా పంపి క్షయకరణం చేసేవారు. కొంత యురేనియం కావలసిన నాలుగో ఆక్సీకరణ స్థితిని దాటి మూడుకు పడిపోయేది. గాలి పంపి దాన్ని మళ్లీ పైకి తేవాల్సి వచ్చేది. టైటానియం, వనేడియం వంటివి తోడుగా ఉంటే అవీ మార్పు చెంది లెక్క చెడగొట్టేవి.

అన్నభేదిలోని ఫెర్రస్ ఇనుముకు యురేనియాన్ని క్షయకరణం చెయ్యడం చేతకాదని పాఠ్యపుస్తకం చదివిన ఎవరైనా చెబుతారు. ప్రమాణ పొటెన్షియల్ ఇనుముకు 0.77 వోల్టులు, యురేనియానికి 0.33 దరిదాపు. మామూలు ఆమ్లంలో ఎలక్ట్రాన్లు యురేనియం నుంచి ఇనుముకే పోతాయి. చిక్కటి ఫాస్ఫారిక్ ఆమ్లంలో కథ మారుతుంది. ఫెర్రిక్ ఇనుమును ఫాస్ఫేట్ గట్టిగా పట్టేస్తుంది. దాని పసుపు రంగు కూడా మాయమవుతుంది. నాలుగో స్థితి యురేనియాన్నీ అలాగే పట్టుకుంటుంది. దాంతో త్రాసు రెండో వైపుకు మొగ్గి, వేడి చెయ్యకుండానే ఇనుము తన ఎలక్ట్రాన్లను యురేనియానికి ఇచ్చేస్తుంది. లోహాన్ని మార్చకుండా దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని మార్చి ఇంత సాధించడం ఎంతో అందమైన రసాయనశాస్త్రం.

రెండేళ్లకు, 1964లో, బ్రిటన్‌లో డేవీస్, గ్రే అనే రసాయనవేత్తలు ఇదే చర్యలో అన్నభేదిని కావాలనే ఎక్కువ పోసి, మిగిలిన ఇనుమును మాలిబ్డినం సమక్షంలో నత్రికామ్లంతో వదిలించుకుని, చివర డైక్రోమేట్‌తో టైట్రేట్ చేశారు. అమెరికాలోని న్యూ బ్రన్స్‌విక్ ప్రయోగశాల దానికి వనేడియం చేర్చి ముగింపు దశను చురుగ్గా చేసింది. జాగ్రత్తగా చేస్తే తేడా 0.1 శాతం లోపే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆస్ట్రియాలోని సైబర్స్‌డార్ఫ్‌లో దేశదేశాల నమూనాలను ఈ పద్ధతితోనే పరీక్షించింది.

పద్ధతికి డేవీస్-గ్రే పేరే స్థిరపడింది. ఉత్తరాంధ్ర పిల్లల రసాయనశాస్త్ర పాఠంలోనైనా గోపాలరావు, సాగి పేర్లు ఉండాలి.

ఈ పద్ధతికీ ఒక చిక్కుంది. ప్రతి టైట్రేషన్ తర్వాతా ఆమ్లం, క్రోమియం, యురేనియం కలిసిన వ్యర్థం మిగులుతుంది. అందుకే తర్వాతి రసాయనవేత్తలు పరీక్షకు తీసుకునే నమూనాను, వాడే ద్రావణాలను బాగా తగ్గిస్తూ వచ్చారు.