పెన్నేరు కోసిన కొండ

మా తలుపుల ఊరి చుట్టుపక్కల కొండల నిండా గుండ్లే. ఎండకూ వానకూ అరిగి, ఒకదాని మీదొకటి ఎక్కి కూచున్నట్టుంటాయి. పులివెందుల, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు వైపు పోతే రాయి తీరే మారిపోతుంది. గండికోటలో అన్నీ పరుపుబండలు, పొర మీద పొర. ఆ పొరలను పెన్నేరు నిట్టనిలువునా కోసిన చోట నిలబడి మా మామ అడిగిన మొదటి మాట ఇది: "హిందూపురం కాడ చూస్తే ఇసక తప్ప ఏం కనపడదు. ఆ ఏరేనా ఇంత కోత కోసింది?"

ఆ ఏరే. తోడు మన చిత్రావతి కూడా. రెండూ నంది కొండల్లోనే పుట్టినా ఒకటి హిందూపురం వైపు నుంచి, ఇంకొకటి పుట్టపర్తి, ధర్మవరం వైపు నుంచి వచ్చి గండికోట దగ్గర కలుస్తాయి. లోయను కోసింది ఒట్టి నీళ్లు కాదు. లక్షల ఏళ్లుగా వరదల్లో కొట్టుకొచ్చిన ఇసకా గులకరాళ్లూ ఎర్రమల కొండను గీకి గీకి తొలిచాయి. మెత్తటి రాయైతే ఒడ్డులు జారి వెడల్పాటి పల్లంగా మారేవి. ఇది క్వార్ట్‌జైట్, మహా గట్టిది. నెర్రెల వెంబడి దిమ్మెలుగా విరిగి పడుతుందే గాని కరిగిపోదు. అందుకే ఆ అంచులు ఇప్పటికీ గోడల్లా నిలబడి ఉన్నాయి.

కోట లోపలి నుంచి లోయ వైపు నడిచేటప్పుడు కాళ్ల కింద కూడా చూడండి. కొన్ని బండల మీద సన్నటి అలల చారలుంటాయి. జంతువులనేవే పుట్టని కాలంలో లోతులేని సముద్రపు ఇసక మీద నీళ్లు గీసిన గీతలవి. ఆ ఇసకే గట్టిపడి రాయైంది. మామ వంగి, చేత్తో తడిమి చూసి, "మడిలో నీళ్లింకినాక బురద ఇట్లే ఉంటాది" అన్నాడు. అందరూ ఫోటోల కోసం అంచుకు ఎగబడతారు, ఈ చారల మీదే నడిచిపోతారు. అంచున నునుపు తేలిన బండలు జారతాయి. పిల్లల చెయ్యి వదలకండి.

ఈ లోయను 'ఇండియా గ్రాండ్ కేనియన్' అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. అమెరికాలోని ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు మైలు పైమాటే. దానితో పోటీ మనకెందుకు? లోయనే అగడ్తగా పెట్టుకుని పెమ్మసాని నాయకులు ఏలిన కోట అక్కడుందా? 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే అతన్ని వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చాడు.

ఇప్పుడు లోయకు ఎగువన గండికోట జలాశయం ఉంది. అందులోకి శ్రీశైలం నుంచి కాలువల్లో కృష్ణ నీళ్లొస్తాయి. అక్కడి నుంచి వాటిని మోటార్లతో పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయానికి ఎత్తిపోస్తారు. ఆ సంగతి చెబితే మామ కాసేపు లెక్క వేసుకుని, "అంటే చిత్రావతి వచ్చిన దోవకు ఎదురెక్కి కృష్ణమ్మ పోతాండాదన్నమాట. కరెంటు బిల్లు ఎవరు కడతారో!" అన్నాడు.