అక్కన్‌పల్లి వెండి నాణెములు

నల్లగొండ జిల్లాలోని అక్కన్‌పల్లిలో 1,531 రోమక వెండి నాణెములు ఒకే నిక్షేపముగా లభించినవి. వీనిలో అత్యధిక భాగము అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలము నాటివి. ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమక నాణెములపై 1965లో వెలువడిన పరమేశ్వరీలాల్ గుప్తా గ్రంథములో వీని ప్రస్తావన గలదు.

ఈ నాణెము పేరు డినేరియస్. రోముకును, ఉత్తరాఫ్రికాలోని కార్తేజి నగరమునకును జరిగిన రెండవ ప్యూనిక్ యుద్ధకాలమున, సుమారు క్రీ. పూ. 211లో ఇది పుట్టినది. గుఱ్ఱము, ఖర్జూర వృక్షము బొమ్మలుగల కార్తేజి నాణెములకు స్పెయిన్ గనులు వెండినిచ్చెడివి. యుద్ధములో ఆ గనులు రోము వశమైనవి.

ఓడిన కార్తేజి, క్రీ. పూ. 201 నాటి సంధి ప్రకారము 10,000 టాలెంట్ల వెండిని 50 ఏండ్లలో చెల్లింపవలసి వచ్చెను. క్రీ. పూ. 199లో తెచ్చిన మొదటి వాయిదా వెండిని కరగించి చూడగా నాలుగవ వంతు తరుగు పోయినదని చరిత్రకారుడు లివీ వ్రాసెను. ఆ తరుగు ఏమగును? వెండికి సీసము చేర్చి, ఎముకల బూడిదతో చేసిన మూసలో గాలి తగులునట్లు కాల్చినచో సీసము ఆక్సైడుగా మారి, రాగి మొదలగు హీనలోహముల ఆక్సైడులను తనతో కొనిపోయి మూసలో ఇంకును. వెండి మాత్రము పూసవలె మిగులును.

కాని ఈ పరీక్షలో నాణెము నశించును. దానిని చెడగొట్టని ఉపాయమొకటి కలదు. వెండి సాంద్రత 10.5, రాగి సాంద్రత సుమారు 9. అగస్టస్ నాటి డినేరియస్ సుమారు 3.9 గ్రాములు. అది శుద్ధమైన వెండియైనచో నీటిలో 0.37 గ్రాము బరువు తగ్గును. నాలుగవ వంతు రాగియైనచో 0.39 గ్రాము తగ్గును. భేదము స్వల్పము, కావున మిక్కిలి సున్నితమైన త్రాసు కావలెను.

క్రీ. శ. 64లో నీరో చక్రవర్తి పౌను వెండికి 84కు బదులు 96 నాణెములు ముద్రింపించి, వెండి శుద్ధతను కూడ తగ్గించెను. దక్షిణ భారతములో దొరికిన డినేరియస్‌లలో పాతవే హెచ్చు. మన వర్తకులు మంచి వెండిని గుర్తెరిగి గ్రహించిరని పండితులు భావింతురు.

ఇన్ని సంగతులు తెలిసినది నాణెములు కరగిపోకుండుట వలననే. నల్లగొండలోనే కాదు, ఖమ్మము, భద్రాచలము అడవుల అంచున దుక్కిలో ఇట్టిది బయటపడినను దానిని చింతపండుతో తోమరాదు, కంసాలికి అమ్మరాదు. దొరికిన చోటు గుర్తించి, తహసీలుదారునకుగాని, పురావస్తు శాఖకుగాని తెలుపవలెను. చోటు తెలియని నాణెము సగము చరిత్రనే చెప్పును. కరగిన నాణెము ఏమియు చెప్పదు.