రైడింగ్ మోవర్ గడ్డిని సమంగా కోయట్లేదా? ఇంజిన్‌ని అనుమానించే ముందు ఇవి చూడండి

మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కొనొద్దని మనం ఎప్పుడూ చెప్పుకునేదే. అమెరికాలో రైడింగ్ మోవర్ కొనేవాళ్లదీ దాదాపు అదే కథ. షోరూమ్‌లో ఇంజిన్ ఎన్ని హార్స్‌పవర్, డెక్ ఎన్ని అంగుళాలు అనే చూస్తారు. ఒకటి రెండు సీజన్లు గడిచాక పచ్చిక ఒకవైపు పొట్టిగా, మరోవైపు పొడుగ్గా కనిపిస్తుంది, మధ్యలో కోయకుండా వదిలేసిన గీతలు కూడా. అప్పుడు అందరి అనుమానం ఇంజిన్ మీదకే పోతుంది. నిజానికి తప్పు ఎక్కువసార్లు టైర్లలోనో, బ్లేడులోనో, బెల్ట్‌లోనో ఉంటుంది.

అర ఎకరం, ఎకరం స్థలంలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఈ బండి కొత్త. మెకానిక్‌ని ఇంటికి పిలిస్తే బిల్లు గట్టిగానే పడుతుంది. పైగా వసంతకాలంలో అందరూ ఒకేసారి పిలుస్తారు కాబట్టి మీ వంతు వచ్చేసరికి గడ్డి మోకాళ్ల దాకా పెరుగుతుంది, ఈలోపు హెచ్‌ఓఏ నుంచి నోటీసు కూడా రావచ్చు. ఒక శనివారం పొద్దున కేటాయిస్తే ఇందులో చాలా పని మీరే చేసుకోవచ్చు.

మొదలుపెట్టాల్సింది టైర్లతో. బ్లేడు ఉండే డెక్ బండి ఫ్రేమ్‌కి వేలాడుతూ ఉంటుంది, ఫ్రేమ్ టైర్ల మీద నిలబడుతుంది. ఎడమ టైరులో గాలి తగ్గితే డెక్ కూడా ఎడమవైపు వాలుతుంది. ఇది గమనించకుండా డెక్ లెవెల్ సరిచేస్తే, తర్వాత గాలి కొట్టగానే మళ్లీ వంకర. కాబట్టి నాలుగు టైర్లలో గాలి సరిచూశాకే డెక్ జోలికి వెళ్లండి.

ఇక్కడే గ్యాడ్జెట్ ప్రియులు పొరబడే అవకాశం ఉంది. ఇంట్లో ఎలాగూ షావోమీ లాంటి చిన్న పోర్టబుల్ ఎయిర్ పంప్ ఉంటుంది, తీసుకెళ్లి కార్ మోడ్ నొక్కేస్తారు. కారు టైరుకి 30 పీఎస్‌ఐ పైన కావాలి, మోవర్ టైరుకి సాధారణంగా 10 నుంచి 14 చాలు. ముందు టైర్లకు ఒక అంకె, వెనక టైర్లకు మరో అంకె ఉండొచ్చు, అది మాన్యువల్‌లో ఉంటుంది. పంప్‌ని మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఆ అంకె సెట్ చేయండి. పెట్రోల్ బంకులోని పెద్ద కంప్రెసర్ ఇక్కడ వద్దు. ఇంత చిన్న టైరులో ప్రెషర్ క్షణాల్లో ఎగబాకుతుంది, పగిలితే ప్రమాదం. కారు కోసం చేసిన గేజ్ 10 పీఎస్‌ఐ దగ్గర తేడా చూపించవచ్చు, తక్కువ ప్రెషర్ గేజ్ విడిగా కొనుక్కోవడం మేలు.

ఇక బ్లేడు. అమెరికా భద్రతా ప్రమాణం ప్రకారం బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు. అంటే గంటకు సుమారు 347 కిలోమీటర్లు! అందుకే దీన్ని ముట్టుకునే ముందు బండిని చదునైన చోట ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి, తాళం చెవి తీసి, స్పార్క్ ప్లగ్ వైరు కూడా ఊడదీయాలి. బండిని ఎత్తాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టాలి. చేతులకు మందపాటి గ్లవ్స్ తప్పనిసరి.

పదును పోయిందని బ్లేడు చూడకుండానే తెలుసుకోవచ్చు. కోసిన మర్నాడు ఒక గడ్డిపోచ తెంపి కొస చూడండి. తెగినట్టు నున్నగా ఉంటే సరే. చీలికలు పీలికలై గోధుమరంగుకి తిరిగితే బ్లేడు గడ్డిని కోయట్లేదు, చింపుతోంది. 20, 25 గంటల వాడకానికి ఒకసారి పదును పెట్టడం మంచి అలవాటు. ఇసుక నేలైతే ఇంకా ముందే. గ్రైండర్‌తో ఎక్కువసేపు రుద్దితే లోహం నీలంగా మారి గట్టిదనం పోతుంది, అలవాటు లేనివాళ్లు ఆకురాయితో మెల్లగా చేసుకోవడమే నయం. ఫ్యాక్టరీలో ఉన్న కోణమే ఉంచండి. గడ్డం గీసుకునే బ్లేడంత పదును అక్కర్లేదు, వెన్న కోసే కత్తి పదును చాలు.

పదును పెట్టాక చాలామంది వదిలేసే పని బ్యాలెన్స్. గోడకు ఒక మేకు కొట్టి, మధ్య రంధ్రం దగ్గర బ్లేడుని తగిలించండి. ఒకవైపు కిందికి జారితే ఆ వైపు ఇంకొంచెం అరగదీయాలి. ఇలా చేయకపోతే బండి వణుకుతుంది, ఆ వణుకు స్పిండిల్ బేరింగ్‌ని తినేస్తుంది. బ్లేడు ధర కంటే ఆ బేరింగ్ మార్చే కూలే ఎక్కువ. వంగినా, పగులు కనిపించినా, పైకి వంగి ఉండే రెక్క దగ్గర పలచబడినా సాన పట్టొద్దు, కొత్తది వేసేయండి. బిగించేటప్పుడు ఆ రెక్క డెక్ వైపు, అంటే పైకి ఉండాలి. తలకిందులుగా బిగిస్తే బండి తిరుగుతుంది కానీ గడ్డి తెగదు.

బెల్ట్‌లు సాధారణంగా రెండు, ఒకటి చక్రాలను నడిపేది, ఇంకొకటి బ్లేడ్లను తిప్పేది. బ్లేడ్ల బెల్ట్ సాగితే గుబురు గడ్డిలోకి వెళ్లగానే బ్లేడు నెమ్మదిస్తుంది, కీచుమంటుంది, ఒక్కోసారి రబ్బరు కాలిన వాసన కూడా వస్తుంది. పక్కలు అద్దంలా మెరుస్తున్నా, పగుళ్లు వచ్చినా, దారాలు లేచినా మార్చాల్సిందే. విప్పే ముందు బెల్ట్ ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్తోందో ఫోన్‌తో రెండు మూడు ఫోటోలు తీసుకోండి. ఫోన్ కెమెరాకి ఇంతకంటే మంచి వాడకం నాకైతే తోచడం లేదు!

ఆటో విడిభాగాల షాపులో అదే సైజు వీ-బెల్ట్ చవగ్గా దొరుకుతుంది. కానీ అది ఈ పని కోసం చేసింది కాదు. మోవర్ బెల్ట్ వీపు వైపు కూడా పుల్లీ మీద రుద్దుకుంటూ, తరచూ వదులై బిగుసుకుంటూ పనిచేయాలి. అందుకే లోపల గట్టి అరామిడ్ దారాలు ఉన్నవి ఎక్కువ వాడతారు. పార్ట్ నంబర్ చూసి అదే తెప్పించుకోండి. కొత్తది వేసే ముందు ప్రతి పుల్లీని చేత్తో తిప్పండి. గరగరలాడినా, తిరగకుండా బిగుసుకున్నా ముందు దాన్ని మార్చాలి, లేదంటే కొత్త బెల్ట్ కూడా త్వరలోనే కాలిపోతుంది. కవర్ల కింద పేరుకున్న ఎండుగడ్డిని కూడా అప్పుడే ఊడ్చేయండి.

ఈ గొడవంతా ఎందుకు, బ్యాటరీ మోవర్ కొంటే పోదా అంటారా? చాలా బ్యాటరీ మోడళ్లలో బ్లేడుకొక మోటార్ ఉంటుంది కాబట్టి బెల్ట్ బాధ లేదు. టైర్లు, బ్లేడ్లు మాత్రం అవే. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే, అమ్మేవాళ్లు ఇంజిన్ స్టార్ట్ చేసి చూపించాక, ఆపించి తాళం చెవి మీ చేతిలోకి తీసుకోండి. తర్వాత టార్చ్ వేసి డెక్ కింద బ్లేడు ఎంత పలచబడిందో చూడండి.